రోమను బంగారు నాణేలను గుర్తించడం



మహారాష్ట్రలో భీవండి పట్టణాన్ని ఆనుకుని ఉన్న నాగావ్‌లో నేను ఉపాధ్యాయుణ్ణి. పిల్లలకు చరిత్ర పాఠం మరాఠీలో చెబుతాను. అర్థం కాని చోట తెలుగులో విడమరుస్తాను. ఎందుకంటే మా పిల్లల తండ్రులు చాలామంది కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి సాంచాల పనికి వచ్చినవారే. రాత్రనక పగలనక సాంచాల చప్పుడు వినిపించే ఈ ఊళ్లో, తరగతి గది బయట కూడా రోమను సామ్రాజ్యం గురించి మాట్లాడవలసి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. ఒక ఆదివారం పొద్దున ఆ అవసరం వచ్చింది.

మా విద్యార్థి తండ్రి ఒకరు రాత్రి పాళీ ముగించుకుని నేరుగా మా ఇంటికి వచ్చారు. రుమాలు ముడి విప్పి రెండు పచ్చని బిళ్లలు నా చేతిలో పెట్టారు. ఒకవైపు ఎవరో రాజు తల, చుట్టూ ఇంగ్లీషు అక్షరాల వంటి అక్షరాలు. "సార్, గోదాము పునాది తవ్వుతుంటె దొరికినయట. రోమ్ దేశపు బంగారమంటున్నరు. ఇసొంటివి ఇంక ఇరవై ఉన్నయట. మీరు జర చదివి చెప్పుండ్రి" అన్నారు. కూతురు పెళ్లికని దాచుకున్న సొమ్ముతో అవన్నీ కొనాలని ఆయన ఆలోచన. "బంగారమేనని ఎట్లా తెలుసన్నా?" అని అడిగాను. ముందురోజు ఆ మనుషులు ఒక చిన్న ముక్క ఇచ్చారట. కంసాలి దగ్గర గీయిస్తే మేలిమి బంగారమని తేలిందట.

ఆయన నమ్మడానికి ఇంకొక కారణం కూడా ఉంది. "మా తాతకు గూడ గిట్లనే దొరికినయ్ సార్. దున్నుతుంటె నాగలికి కుండ తగిలింది. దాంట్ల మూడు బిళ్లలు. వాటి మీద గూడ తల బొమ్మ ఉండెనట. కరగబెట్టి మా నాయినమ్మకు గుండ్లు చేయించిండు" అన్నారు.

ఆ రెండు బిళ్లలు ఏమిటో చివర చెబుతాను. అసలు రోమను బంగారం మన నేలలోకి ఎందుకు వచ్చింది, దాన్ని ఎలా గుర్తుపట్టాలి అన్నవి ముందుగా చూద్దాం.

క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో ఈజిప్టులో ఉండిన ఒక గ్రీకు నావికుడు ఎర్ర సముద్రం మొదలుకొని మన దేశం వరకు ఉన్న రేవుల గురించి చిన్న పుస్తకం రాశాడు. దాన్ని పెరిప్లస్ అంటారు. రాసినవాడి పేరు తెలియదు. మా నాగావ్‌కు పది, పన్నెండు కిలోమీటర్ల దూరంలోనే ఉన్న కళ్యాణ్ అందులో కల్లియెన అనే పేరుతో కనిపిస్తుంది. శాతవాహన రాజు ఏలుబడిలో అది చట్టబద్ధమైన రేవుగా ఉండేదని, తరువాత ఇంకొక ప్రభువు చేతికి పోయాక అక్కడికి వచ్చిన గ్రీకు ఓడలను కాపలా పెట్టి భరుచ్ రేవుకు మళ్లించేవారని అతడు రాశాడు. పైఠాన్, తేర్ పట్టణాల నుంచి బండ్ల మీద సరుకు భరుచ్‌కు వచ్చేదట. తేర్ నుంచి వచ్చే సరుకులో ముఖ్యమైనది నూలు బట్ట. ఇక తూర్పు తీరంలో మసాలియా అనే దేశాన్ని అతడు పేర్కొన్నాడు. అది కృష్ణా ముఖద్వారం, మచిలీపట్నం ప్రాంతమని పండితుల అభిప్రాయం. అక్కడ సన్నని నూలు వస్త్రాలు విస్తారంగా తయారవుతాయని చెప్పాడు.

ఆ ఓడలు ఏమి తెచ్చేవి? ద్రాక్షసారా, రాగి, తగరం, పగడాలు, గాజు వంటివి తెచ్చేవి. వీటితోపాటు బంగారు, వెండి నాణేలు కూడా తెచ్చేవి. రోమను పండితుడు ప్లినీ, భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్షియస్‌లకు తగ్గకుండా తమ సొమ్మును లాగుకుంటోందని వాపోయాడు. సెస్టర్షియస్ అంటే చిన్న నాణెం. అటువంటివి 100 కలిస్తే ఒక బంగారు నాణెం. అంటే ఆయన లెక్క ప్రకారం ఏటా 5 లక్షల బంగారు నాణేల విలువ. మిరియాలకు, ముత్యాలకు, రత్నాలకు ఎంత పోయిందో, మన మగ్గాల మీద నేసిన బట్టకు ఎంత పోయిందో విడదీసి చెప్పలేము. కానీ ఆ సొమ్ములో నేతగాని కష్టానికి వచ్చిన భాగం తప్పక ఉంది.

ఆనాటి నేతగాళ్లు నిరుపేదలని, చెల్లాచెదురుగా బతికారని అనుకోవద్దు. నాసిక్ గుహల్లో క్షత్రప రాజు నహపానుని అల్లుడు ఉషవదాతుడు వేయించిన శాసనం ఉంది. గోవర్ధన పట్టణంలోని ఒక నేతగాళ్ల శ్రేణి వద్ద 2000, మరొక శ్రేణి వద్ద 1000 కార్షాపణాలు అతడు శాశ్వతంగా డిపాజిట్టు చేశాడు. మొదటిదానికి నెలకు నూటికి ఒకటి, రెండవదానికి నూటికి ముప్పాతిక వడ్డీ. ఆ వడ్డీతో బౌద్ధ భిక్షువులకు బట్టలు, ఇతర ఖర్చులు. రాజుగారి అల్లుడు డబ్బు దాచేది ఎవరి దగ్గరంటే, సాలెల దగ్గర! అదే శాసనంలో ఒక సువర్ణానికి 35 కార్షాపణాలని మారకపు రేటు కూడా ఉంది. ఆ సువర్ణం రోమను నాణెమా, మరొకటా అన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. బంగారు నాణెం విలువను లెక్కగట్టే అలవాటు మాత్రం ఆనాటికే ఉందని తెలుస్తోంది.

ఇప్పుడు ఒక విచిత్రం గమనించండి. కళ్యాణ్, సోపారా వంటి రేవులున్న ఈ పడమటి వైపున రోమను బంగారు నాణేలు దొరకడం అరుదు. వచ్చినవాటిని వచ్చినట్లే కరిగించి ఉంటారని చాలామంది భావిస్తారు. తమిళ దేశంలోను, మన తెలుగు నేల మీదా మాత్రం అవి కుండల్లో, గుడి పునాదుల్లో, పాత ఊళ్ల దిబ్బల్లో బయటపడుతూ వచ్చాయి. గుంటూరు ప్రాంతంలోని వినుకొండలో టైబీరియస్ కాలం నుంచి కారకల్లా కాలం దాకా, అంటే ఇంచుమించు 200 ఏళ్ల కాలానికి చెందిన బంగారు నాణేలు దొరికాయి. నాగార్జునకొండ తవ్వకాల్లోనూ రోమను బంగారం కనిపించింది. పాలమూరు వైపు వీపనగండ్లలో ఇంకా తరువాతి కాలపు బంగారు నాణేలు, వాటి నకళ్లు బయటపడ్డాయి. నల్లగొండ ప్రాంతంలోని అక్కెనపల్లిలో దొరికినవి వెండివి, మొత్తం 1531. శాతవాహన నాణేలు వేలల్లో దొరికిన కరీంనగర్ సీమలోని పెద్దబంకూరులో కూడా రోమను వెండి నాణేలున్నాయి. అప్పటికి తెలిసిన ఇటువంటి నాణేల వివరాలను ఒకచోట చేర్చి పరమేశ్వరీలాల్ గుప్త 1965లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మ్యూజియం తరఫున ఒక పుస్తకం వెలువరించారు. కనుక మన వైపు రైతు నాగలికి అటువంటి బిళ్ల తగిలిందంటే నవ్వి కొట్టిపారేయవలసిన మాట కాదు.

సరే, బిళ్ల చేతికి వచ్చింది. గుర్తుపట్టడం ఎలా?

మొదటిది తూకం. రోమనుల బంగారు నాణేన్ని ఆరియస్ అంటారు. ఆగస్టస్, టైబీరియస్‌ల కాలంలో అది సుమారు 7.8 గ్రాములు. ఇప్పుడు మనం 10 గ్రాములను తులం అంటున్నాం గాని, పాత తులం 11.66 గ్రాములు. ఆ లెక్కన ఆరియస్ సరిగ్గా 8 మాసాల ఎత్తు. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి దాన్ని సుమారు 7.3 గ్రాములకు తగ్గించాడు. 215లో కారకల్లా ఇంకా తగ్గించి 6.5 గ్రాముల దగ్గరికి తెచ్చాడు. నాలుగో శతాబ్దంలో కాన్‌స్టంటైన్ సాలిడస్ అనే కొత్త నాణెం స్థిరపరిచాడు. దాని బరువు 4.5 గ్రాములు. అరుగుదల వల్ల ఒక పిసరు తగ్గవచ్చు. సగానికి సగం తగ్గదు.

రెండోది పరిమాణం. ఆరియస్ వెడల్పు 19, 20 మిల్లీమీటర్లు. చూడడానికి చిన్నదే, కానీ అరచేతిలో పెడితే బరువు తెలుస్తుంది. బంగారం నీటికంటే 19 రెట్లు బరువు, ఇత్తడి ఎనిమిదిన్నర రెట్లు మాత్రమే. అదే పరిమాణంలో ఇత్తడి బిళ్ల చేస్తే మూడున్నర గ్రాములు కూడా తూగదు. మీ పిల్లల బడి పుస్తకాల్లో ఆర్కిమెడీస్ సూత్రం ఉంటుంది. బిళ్లను దారానికి కట్టి మామూలుగా ఒకసారి, నీళ్లలో ముంచి ఒకసారి తూచండి. 7.8 గ్రాముల మేలిమి బంగారం నీటిలో 0.4 గ్రాము మాత్రమే తగ్గుతుంది. అంతకు రెట్టింపు తగ్గిందంటే అనుమానించాలి. నాణేన్ని గీయనక్కరలేదు, కొయ్యనక్కరలేదు.

మూడోది తయారైన తీరు. రోమను నాణెం పోత పోసినది కాదు, కొట్టినది. కాల్చిన బంగారు బిళ్లను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. అందుచేత అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి, బొమ్మ ఒక్కొక్కసారి ఒక పక్కకు జరిగి ఉంటుంది, బిళ్ల పూర్తి గుండ్రంగా ఉండదు. ఒకే అచ్చుతో కొట్టినా రెండు నాణేలు అచ్చుగుద్దినట్లు ఉండవు. పోత పోసిన నకలులో అక్షరాలు మెత్తబడి ఉంటాయి, సన్నని బుడగ గుంటలు కనిపిస్తాయి, అంచు చుట్టూ అతుకు గీత ఉండవచ్చు.

నాలుగోది అక్షరాలు. ఇవి మన పిల్లలు బడిలో నేర్చుకునే పెద్ద ఇంగ్లీషు అక్షరాలే. భాష మాత్రం లాటిన్. 'యు' అక్షరానికి బదులు 'వి' ఉంటుంది. మాటకు మాటకు మధ్య ఖాళీ సరిగా ఉండదు. ఏ, వి, జి అని మూడక్షరాలు కనిపిస్తే ఆగస్టస్ అనే బిరుదుకు పొట్టి రూపం. ఇది మొదటి చక్రవర్తి పేరే అయినా తరువాతివారందరూ పెట్టుకున్నారు. కాబట్టి ఆ ఒక్క మాట చూసి ఇది ఆగస్టస్ నాణెమని తేల్చకూడదు. ఐ, ఎం, పి అంటే ఇంపరేటర్, సేనాధిపతి. సి, ఓ, ఎస్ అంటే కాన్సల్ పదవి. దాని పక్కన ఉండే అంకె ఎన్నోసారి ఆ పదవి పొందాడో చెబుతుంది. ట్రాజన్ నాణెం మీద ఆ అంకె ఐదు అయితే అది 103కూ 111కూ మధ్య కొట్టినది. ఆరు అయితే 112 తరువాతది. సంవత్సరం ఇలా లెక్కగట్టి తెలుసుకోవాలి తప్ప నాణెం మీద క్రీస్తుశకం వేసి ఉండదు. 'క్రీస్తుపూర్వం' అని వేసిన రోమను నాణెం ఎవరైనా చూపిస్తే దండం పెట్టి రండి.

ఐదోది బొమ్మ. మన దేశంలో ఎక్కువగా దొరికినవి రెండు రకాలు. ఆగస్టస్ నాణెం వెనక వైపు అతని మనుమలు గైయస్, లూసియస్ డాళ్లు, బల్లేలతో నిలబడి ఉంటారు. టైబీరియస్ నాణెం వెనక ఒక స్త్రీ ఆసనం మీద కూర్చుని, చేతిలో కొమ్మ పట్టుకుని ఉంటుంది. ఈ ఇద్దరికీ గడ్డం లేదు, తలకు ఆకుల దండ ఉంటుంది. గడ్డం పెంచే అలవాటు హాడ్రియన్‌తో, అంటే 117 తరువాత మొదలైంది. రాణి ఫౌస్టీనా జుట్టు నడినెత్తి మీద ముడిచి ఉంటుంది. కాన్‌స్టాంటినోపుల్ కాలపు సాలిడస్ నాణేల మీద రాజు చాలాసార్లు ఎదురుగా చూస్తుంటాడు, వెనక శిలువ కనిపించవచ్చు.

ఆరోది మనవాళ్లు దాని మీద చేసిన పని. ఇది నాకు ఎక్కువ ఇష్టమైన భాగం. చాలా నాణేలకు తలపైన ఒకటో రెండో రంధ్రాలుంటాయి. మెడలో వేసుకుంటే రాజు తల నిటారుగా ఉండేలా పెట్టిన రంధ్రాలవి. కొన్నింటి మీద రాజు ముఖాన ఉలితో కొట్టిన గాటు ఉంటుంది. తమిళనాడులోని పుదుక్కోట్టై దగ్గర 1898లో 501 బంగారు నాణేలు దొరికితే వాటిలో అధికభాగానికి ఇటువంటి గాటు ఉంది. ఇక్కడ అవి డబ్బుగా చెల్లకుండా, వట్టి బంగారంగా లెక్కకు రావడానికే అలా కొట్టారని కొందరి ఊహ. కొన్ని నాణేలు రోములో తయారైనవే కావు. మన కంసాలులు చూసి చేసిన నకళ్లు. వారికి లాటిన్ రాదు కనుక అక్షరాల స్థానంలో గీతలు, సున్నలు ఉంటాయి. అవి మోసం కోసం చేసినవని తీసిపారేయకండి. ఆనాటివైతే వాటికీ చరిత్రలో స్థానం ఉంది.

మరొక పొరపాటు మన ఇళ్లలోనే జరుగుతుంది. మరాఠీ వారి పుతళీ మాల, మన కాసుల పేరు మీరు చూసే ఉంటారు. పాత కుటుంబాల్లో అటువంటి హారాల్లో వెనిస్ నగరపు డ్యూకాట్ నాణేలు ఉండవచ్చు. ఒకవైపు మోకరిల్లిన ప్రభువు, ఎదుట ఒక సాధువు ఉంటారు. రెండోవైపు కోడిగుడ్డు ఆకారంలోని చుక్కల వలయంలో క్రీస్తు నిలబడి ఉంటాడు. బంగారం మేలిమిదే, కానీ బరువు మూడున్నర గ్రాములు. 1284లో మొదలైన నాణెమది. అది ఇటలీ నుంచి వచ్చిన మాట నిజమే, రోమను చక్రవర్తులది మాత్రం కాదు.

ఇక మా విద్యార్థి తండ్రి తెచ్చిన బిళ్లల సంగతి. వాటి మీద గడ్డంలేని తల, చుట్టూ టైబీరియస్ పేరు ఉన్నాయి. కూర్చున్న స్త్రీ కూడా ఉంది. చూడగానే నాకూ గుండె ఝల్లుమంది. ఇద్దరం కలిసి కంసాలి దుకాణానికి వెళ్లి తూపించాం. ఒక్కొక్కటి 4 గ్రాములకు కాస్త ఎక్కువ. బిళ్ల మాత్రం అసలు నాణెం కంటే మందం. అనుమానం వచ్చి భూతద్దంలో చూశాను. మొదటి బిళ్ల మీద రాజు చెవి కింద ఒక చిన్న గుంట ఉంది. రెండో బిళ్ల మీద సరిగ్గా అక్కడే, సరిగ్గా అంతే గుంట. ఒకే మూసలో పోసినవని అర్థమైంది. కంసాలి అంచు మీద గీసి చూసి ఇత్తడి అన్నాడు. ముందురోజు ఇచ్చిన ముక్క మటుకు నిజమైన బంగారమే. అది ఎర.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. బిళ్లలు తిరిగి ఇద్దామని చూస్తే ఆ మనుషులు మళ్లీ ఆ పక్కకు రాలేదు. పెళ్లి సొమ్ము మిగిలిందన్న సంతోషం కంటే ఆయన మనసులో ఇంకొక ప్రశ్న ఎక్కువగా మెదిలింది. "అయితే సార్, మా తాతకు దొరికినయి గూడ దొంగవేనా?" అని అడిగారు. "కాదన్నా, గుండ్లు బంగారమే కదా" అన్నాను. "మరి ఏ రాజువి?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. గుండ్లను ఎంత పరీక్షించినా మేలిమి ఎంతో తెలుస్తుంది గాని, రాజెవరో తెలియదు.

ఇటువంటి నష్టం మనకు కొత్త కాదు. 1786 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలి ఇటుక కట్టడానికి తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక కుండ, నిండా రోమను బంగారు నాణేలు. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా వరకు కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరా ముప్పైకి పైగా నాణేలను కాపాడాడు. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్‌కు వాటిని చూసే అవకాశం కలిగింది. ట్రాజన్, హాడ్రియన్, ఫౌస్టీనాల నాణేలు వాటిలో ఉన్నాయని, కొన్ని టంకశాల నుంచి అప్పుడే వచ్చినట్లు మెరిశాయని, కొన్నింటికి ఆభరణాలుగా ధరించడానికి రంధ్రాలున్నాయని ఆయన రాసిపెట్టాడు. ఆ కొద్ది నాణేల వల్లే రెండో శతాబ్దంలో నెల్లూరు తీరానికి రోముతో సంబంధం ఉందని మనకు తెలిసింది. కరిగిపోయినవి ఇంకేమి చెప్పేవో తెలియదు.

కాబట్టి శ్రోతలారా, పొలంలో గానీ, పునాదిలో గానీ పాత నాణెం కనిపిస్తే కొన్ని పనులు చేయకండి. చింతపండుతో తోమకండి. రాయి మీద గీయకండి. కుండతో దొరికితే కుండ పెంకులు పారేయకండి. నాణేలను తలా ఒకటి పంచుకోకండి. గుంపుగా ఉంటేనే ఏ రాజు దాకా ఉన్నాయో చూసి అవి దాచిన కాలం అంచనా కట్టగలరు. దొరికిన చోటు, లోతు, తేదీ రాసిపెట్టండి.

చట్టం కూడా తెలుసుకోండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దాచిన పది రూపాయలకు మించిన విలువగల వస్తువు దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. చెబితే ప్రభుత్వం లాక్కుంటుంది, మనకేమీ రాదు అని చాలామంది భయపడతారు. చట్టంలో ఉన్నది అది కాదు. నిధికి హక్కుదారు ఎవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికించుకున్నవారికి ముప్పాతిక వంతు, భూమి యజమానికి పావు వంతు. ప్రభుత్వమే తీసుకోదలిస్తే లోహం విలువ కట్టి, దాని మీద ఐదో వంతు అదనంగా చెల్లించాలి. అంటే కరిగించి అమ్మిన దానికంటే ఎక్కువే. చెప్పకుండా దాస్తే వాటా పోవడమే కాక, ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. ఇక ఇళ్లలో తరతరాలుగా ఉన్న నాణెమైతే దగ్గరలోని పురావస్తు శాఖ కార్యాలయంలో గానీ, ముంబయి, హైదరాబాదు మ్యూజియాల్లో గానీ తెలిసినవారికి చూపించండి. మేలిమి బంగారంతోనే చేసిన దొంగ నాణేలు కూడా ఉంటాయి. వాటిని పట్టుకోవడం నావంటి బడిపంతులు వల్ల కాదు, నిపుణులు చూడాలి.

బంగారం ధర ఏ రోజైనా తెలుసుకోవచ్చు. నాణెం మీద ఉన్న పేరు చదవడానికి మాత్రం అది కరగకముందే వీలు. రెండు వేల ఏళ్ల కిందట మనవాళ్లు నేసిన బట్ట సముద్రం దాటిపోయిందనడానికి మన చేతికి అందే సాక్ష్యాల్లో అది ఒకటి. నాగావ్‌లో ఆ తండ్రి ఇప్పటికీ సాంచాల మీద బట్ట నేస్తున్నారు. తాతగారి బంగారం గుండ్లుగా ఆయన భార్య మెడలో ఉంది. ఈసారి ఊరికి పోయినప్పుడు ఆ కుండ దొరికిన చెలక ఏదో పెద్దవాళ్లను అడిగి, నాకు రాసి పంపుతానన్నారు. నేను ఆ ఉత్తరం కోసం ఎదురుచూస్తున్నాను.